పాత లాప్‌టాప్ ఎందుకు పాతబడటం లేదు?

"నాలుగేళ్ల కిందట లక్ష పోసి కొన్నాను. ఇప్పటికీ ఏ ఇబ్బందీ పెట్టలేదు. కొత్త మోడల్ వచ్చిందంటున్నారు. మార్చమంటావా?" కంప్యూటర్ల గురించి నాలుగు ముక్కలు తెలుసని పేరుపడ్డ ఎవరికైనా బంధువుల నుంచీ స్నేహితుల నుంచీ తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగినవాళ్లలో చాలామంది చివరికి మార్చరు. వచ్చే ఏడాది చూద్దాంలే అంటారు. ఆ వచ్చే ఏడాది కూడా అదే మాట అంటారు.

దీన్ని పిసినారితనమనో బద్ధకమనో అనుకుంటే పొరపాటు. ఈ వాయిదా వెనక భౌతికశాస్త్రం ఉంది. మన కంటికీ మెదడుకూ ఉన్న హద్దులున్నాయి. అర్థశాస్త్రం కూడా ఉంది. ఈ మూడింటినీ దగ్గర పెట్టుకుని చూస్తే తేలేది ఒక్కటే: యంత్రం ఏటా మెరుగవుతూనే ఉంది, ఆ మెరుగుదలలో మన పని దాకా వచ్చి చేరే వాటా మాత్రం ఏటా తగ్గిపోతోంది. అందుకే వాయిదా వేసేవాళ్లు చాలావరకు సరైన లెక్కే వేస్తున్నారు.

నమ్మకం కలగకపోతే ఇప్పుడే ఒక చిన్న పరీక్ష చేయండి. విండోస్ ఉంటే టాస్క్ మేనేజర్, మ్యాక్ అయితే యాక్టివిటీ మానిటర్ తెరవండి. పక్కన ఎప్పటిలాగే వర్డ్‌లో ఉత్తరం రాసుకోండి, బ్రౌజర్‌లో పేపర్ చదువుకోండి. ప్రాసెసర్ ఎంత పని చేస్తోందో చూపే గీతను గమనించండి. ఏదైనా తెరిచినప్పుడు ఒక్కసారి పైకి ఎగిరి, వెంటనే అడుగుకు జారిపోతుంది. మీరు చదువుతున్నంతసేపూ, ఆలోచిస్తున్నంతసేపూ అక్కడే పడి ఉంటుంది. అంటే ఆ చిప్పు తన కాలంలో ఎక్కువ భాగం మీ తర్వాతి మీట నొక్కు కోసం ఎదురుచూస్తోంది. ఇంతకంటే వేగమైన చిప్పు వచ్చినా, ఇంకా ఎక్కువసేపు ఎదురుచూస్తుందే తప్ప మీ ఉత్తరం త్వరగా పూర్తికాదు.

రెండేళ్లకే పాతబడిన రోజులు

పరిస్థితి ఎప్పుడూ ఇలా లేదు. 1990లలో కంప్యూటర్ కొన్నవాళ్లు రెండు మూడేళ్లకే తలపట్టుకునేవారు. కొత్త సాఫ్ట్‌వేర్ పాత యంత్రం మీద నడవలేక నడిచేది, ఒక్కోసారి అసలు ఎక్కేదే కాదు.

కారణం గడియార వేగం. ప్రతి ప్రాసెసర్ లోపలా ఒక తాళం నడుస్తుంటుంది. ఒక్కో దెబ్బకు ఒక్కో అడుగు చొప్పున పని ముందుకు సాగుతుంది. దీన్నే క్లాక్ స్పీడ్ అంటారు. 1993లో వచ్చిన పెంటియం చిప్పు సెకనుకు 6.6 కోట్ల దెబ్బలు కొట్టేది, అంటే 66 మెగాహెర్ట్జ్. 2000 మార్చి నాటికి ఆ సంఖ్య 100 కోట్లకు, ఒక గిగాహెర్ట్జ్‌కు చేరింది. 2002 చివరికి 300 కోట్లు దాటింది. పదేళ్లు తిరగకుండానే నలభై రెట్లు పైగా! సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా, కొత్త యంత్రంలో వేస్తే చాలు, పరుగెత్తేది. అలాంటప్పుడు రెండేళ్ల నాటి కంప్యూటర్ ముసలిదైపోవడంలో వింతేముంది?

ఆ పరుగుకు దారి వేసిన సూత్రాన్ని 1974లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు వివరించారు. ట్రాన్సిస్టర్ అంటే అతి చిన్న విద్యుత్ మీట. దాన్ని చిన్నది చేసేకొద్దీ అది తాగే కరెంటు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందని వాళ్లు లెక్కగట్టారు. అందుకే అదే జాగాలో మరిన్ని మీటలు కుక్కి, మరింత వేగంగా నడిపినా చిప్పు వేడి పెరిగేది కాదు. ముప్పై ఏళ్లపాటు పరిశ్రమ ఈ వరం మీదే బతికింది.

2005 ప్రాంతానికి వరం చెల్లిపోయింది. మీటలు ఎంత చిన్నవయ్యాయంటే, కట్టేసినా వాటిలోంచి కరెంటు కారడం మొదలైంది. కారిన కరెంటంతా వేడిగా మారింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామని చెప్పిన ఇంటెల్ 2004లో ఆ ప్రయత్నాన్నే మానుకుంది. ఇరవై ఏళ్లకు పైగా గడిచినా, ఇప్పటికీ మంచి లాప్‌టాప్ చిప్పుల వేగం నాలుగైదు గిగాహెర్ట్జ్ దగ్గరే తిరుగుతోంది. ఒకప్పుడు పదేళ్లలో నలభై రెట్లు, ఆ తర్వాత ఇరవై ఏళ్లలో రెండు రెట్లు కూడా కాదు.

ప్రగతి ఆగిందని దీని అర్థం కాదు. ఒక్కో దెబ్బకు జరిగే పని పెరిగింది. ఒకే చిప్పులో నాలుగు, ఎనిమిది, పది మెదళ్లు పెట్టారు. వాటినే కోర్లు అంటున్నాం. కానీ ఆ మెదళ్లన్నీ మనకు పనికొస్తాయా?

వంటింటి లెక్క

వంటింట్లో పప్పుకు పోపు పెడుతున్నారనుకోండి. చేతి పక్కనే పోపుల పెట్టె ఉంది. అందులో ఉన్నవి క్షణంలో అందుతాయి. లేనివి వీధి చివరి కిరాణా కొట్టు నుంచి తెచ్చుకోవాలి. ఆవాలకు ఒకసారి, ఇంగువకు ఒకసారి, ఎండుమిర్చికి ఇంకోసారి పరుగెడితే వంటమనిషి ఎంత చురుకైనవాడైనా వంట తెమలదు.

పాత కంప్యూటర్లో జరిగింది అదే. పోపుల పెట్టె ర్యామ్. కిరాణా కొట్టు హార్డ్ డిస్క్. డిస్క్ అంటే గిర్రున తిరిగే పళ్లెం. లాప్‌టాప్‌లలో అది నిమిషానికి 5,400 చుట్లు తిరిగేది, అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క చదివే ముల్లు కిందికి వచ్చేదాకా ఆగాలి, ముల్లు కూడా సరైన గీత మీదికి జరగాలి. రెండూ కలిపి ఒక్కో ముక్కకు సుమారు 15 మిల్లీసెకన్లు వేసుకుందాం. కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు ఇలాంటి చిన్న ముక్కలు పది వేలు చదవాల్సి వస్తే 150 సెకన్లు, అంటే రెండున్నర నిమిషాలు. ఉదయం ఆఫీసుకు వెళ్లి, మిషన్ ఆన్ చేసి, టీ తాగి వచ్చిన అలవాటు ఇక్కడే పుట్టింది.

తర్వాత తిరిగే భాగమే లేని నిల్వ వచ్చింది. అదే ఎస్ఎస్‌డీ. ఇందులో ఒక్కో ముక్కకు సుమారు మిల్లీసెకనులో పదో వంతు చాలు. అవే పది వేల ముక్కలు ఒక్క సెకనులో అందుతాయి. వీధి చివరి కొట్టు ఎత్తుకొచ్చి వంటింటి అలమరాలో పెట్టినట్టయింది. 2008 నాటి తొలి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అదనపు డబ్బు పోస్తే 64 గిగాబైట్ల ఎస్ఎస్‌డీ దొరికేది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే ఖరీదైన లాప్‌టాప్‌లన్నిటికీ అది మామూలైపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కొత్త ఎస్ఎస్‌డీ పాతదానికంటే రెట్టింపు వేగం అని ప్రకటనలో చదువుతాం. అబద్ధం కాదు. అలమరాను ఇంకో మూర దగ్గరికి జరిపారు. 150 సెకన్లు ఒక సెకనైన రోజున కలిగిన ఆనందం, ఒక సెకను అర సెకనైతే కలగదు. ఎందుకంటే ఇప్పుడు ఆలస్యం దినుసుల దగ్గర లేదు, పప్పు ఉడకడం దగ్గర ఉంది. నాలుగు కోర్లలా నలుగురు వంటవాళ్లను పిలిచినా కుక్కర్‌లో పప్పు తన సమయం తాను తీసుకుంటుంది. కూరగాయలు తరగడం నలుగురూ పంచుకోగలరు, ఉడకడాన్ని పంచుకోలేరు.

1967లో జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ నిర్మాత చెప్పిన సూత్రం సరిగ్గా ఇదే. పనిలో కొంత భాగాన్ని మాత్రమే వేగవంతం చేస్తే, మిగిలిన భాగం మొత్తం లాభానికి కళ్లెం వేస్తుంది. వీడియో ఎడిటింగ్‌లో తరగాల్సినదే ఎక్కువ కాబట్టి కోర్లు పెరిగేకొద్దీ పని త్వరగా తెములుతుంది. ఉత్తరాలు, లెక్కల పట్టికలు, వెబ్ పేజీలు వేరే రకం. అక్కడ ఆలస్యం ఇంటర్నెట్‌ది, అవతలి సర్వర్‌ది, అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించే మనిషిది. లక్షన్నర పెట్టి కొన్న కొత్త యంత్రం వీటిలో దేన్నీ ముట్టుకోలేదు.

కన్ను చూడగలిగినంత, వేలు ఓర్చుకోగలిగినంత

1968లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ మిల్లర్, కంప్యూటర్ ఎంత త్వరగా స్పందిస్తే మనిషికి సరిపోతుందో పరిశీలించాడు. మీట నొక్కాక సెకనులో పదో వంతు లోపల తెర మీద ఫలితం కనిపిస్తే, అది వెంటనే జరిగినట్టే మెదడు లెక్కేసుకుంటుంది. ఒక సెకను దాకా ఆలోచన తెగకుండా సాగుతుంది. పది సెకన్లు దాటితే మనసు ఇంకోవైపు పోతుంది. అర శతాబ్దం దాటినా ఈ కొలతలు మారలేదు, ఎందుకంటే ఇవి యంత్రం కొలతలు కావు, మన నాడీవ్యవస్థవి. నాలుగైదేళ్ల నాటి మంచి లాప్‌టాప్ రోజువారీ పనుల్లో చాలావాటిని ఆ పదో వంతు లోపలే ముగించేస్తుంది. ఆ గీత లోపల ఎంత తగ్గించినా చాలామందికి తేడా తెలియదు.

తెర సంగతీ అంతే. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీసి చూడగలదు. తెరను అర మీటరు దూరంలో పెట్టుకుంటే ఆ కోణం సుమారు 0.145 మిల్లీమీటర్లకు సమానం. 2012 జూన్‌లో వచ్చిన రెటినా మ్యాక్‌బుక్ ప్రోలో అంగుళానికి 220 చుక్కలున్నాయి, అంటే ఒక్కో చుక్క 0.115 మిల్లీమీటర్లు. కన్ను విడదీయగలిగే హద్దును తెర ఆ ఏడాదే దాటేసింది. "థ" పొట్టలోని చుక్కా, "క్ష్మ్య" లాంటి గుత్తొత్తులూ చెరగకుండా కనబడటం మొదలైంది. ఆ తర్వాత తెరలు మరింత కాంతిమంతంగా, మరింత రంగులతో వచ్చాయి. అక్షరం చదువుకునేవాడికి మాత్రం అసలు మలుపు అప్పుడే అయిపోయింది.

2020 నవంబరు తర్వాత

ఖరీదైన లాప్‌టాప్‌ల ఇటీవలి చరిత్రలో పెద్ద గెంతు ఒకటే. 2020 నవంబరు 10న ఆపిల్ ఎం1 చిప్పు ప్రకటించింది. అందులో 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లు. అది పెట్టిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. ఒళ్లో పెట్టుకుంటే కాలదు, మోత లేదు, ఛార్జరు ఇంట్లో వదిలేసి వెళ్లినా సాయంత్రం దాకా నడుస్తుంది. వేగం కంటే ఈ మూడూ జనాన్ని కట్టిపడేశాయి, ఎందుకంటే ఇవి కొలిచి చూపాల్సిన తేడాలు కావు, ఒంటికి తెలిసేవి.

తర్వాత ఎం2లో 2,000 కోట్లు, ఎం3లో 2,500 కోట్లు, ఎం4లో 2,800 కోట్ల ట్రాన్సిస్టర్లు వచ్చాయి. సంఖ్య పెరిగింది. కానీ ఫ్యాన్ లేనిదాన్ని ఇంకా నిశ్శబ్దం చేయలేరు. రోజంతా వచ్చే బ్యాటరీ ఇంకో రెండు గంటలు వస్తే, ఆ రెండు గంటలూ మనం నిద్రలో ఉంటాం. ఈ సంగతి తయారీదారుకూ తెలుసు. 2025 మార్చిలో ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చినప్పుడు ఆపిల్ తన ప్రకటనలో పోలిక పెట్టింది అంతకుముందు ఏడాది మోడల్‌తో కాదు. ఎం1 కంటే రెండు రెట్ల దాకా, ఇంటెల్ చిప్పున్న ఎయిర్ కంటే 23 రెట్ల దాకా వేగమని చెప్పుకుంది. కొనాల్సినవాళ్లు ఇంకా అక్కడే ఆగి ఉన్నారని ఆ పోలికే చెబుతోంది.

ఒక్కోసారి కొత్తదే పాతదానికంటే తక్కువగా ఉంటుంది. 2016లో మ్యాక్‌బుక్ ప్రో నుంచి హెచ్‌డీఎంఐ, మెమరీ కార్డు రంధ్రాలు తీసేశారు. కొత్త పలుచని కీబోర్డులో దుమ్ము చేరి మీటలు మొరాయించడంతో 2018లో ఆపిల్ ఉచిత మరమ్మతు పథకమే పెట్టాల్సి వచ్చింది. 2019 చివర్లో ఆ కీబోర్డు రకం మారడం మొదలైంది, 2021లో రంధ్రాలు తిరిగొచ్చాయి. ఆ మధ్య కాలంలో 2015 మోడల్‌నే పట్టుకుని కూర్చున్న ఫొటోగ్రాఫర్లూ ప్రోగ్రామర్లూ ఆగి మంచి పని చేశారు.

ఆగడానికీ ఒక విలువుంది

అర్థశాస్త్రవేత్త రొనాల్డ్ కోస్ 1972లో ఒక చిక్కును బయటపెట్టాడు. మన్నిక గల వస్తువు అమ్మే కంపెనీకి తాను నిన్న అమ్మిన వస్తువే నేటి పోటీదారు. ఎంత బాగా తయారుచేస్తే తన తర్వాతి అమ్మకానికి అంత అడ్డం. పైగా, ఇంకొన్నాళ్లు ఆగితే ధర తగ్గుతుందని కొనేవాడికి తెలుసు. లాప్‌టాప్‌లలో ఏటా కొత్త మోడల్ రావడం ఆ నమ్మకాన్ని బలపరుస్తుంది. నేడు కొంటే నేటి మోడల్, ఆగితే అదే డబ్బుకు రేపటి మోడల్.

ఈ ఎదురుచూపు ఎంత బలమైనదో ఆడమ్ ఆస్‌బోర్న్ కథ చెబుతుంది. మన తెలుగువాళ్లు ఎందరో వెళ్లొచ్చే తిరువణ్ణామలైలో, రమణాశ్రమం ఛాయల్లో ఆయన బాల్యం గడిచింది. ఆయన తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి శిష్యుడు. ఆడమ్ అమెరికా వెళ్లి 1981లో సూట్‌కేసులా మోసుకుపోగల కంప్యూటర్ తెచ్చాడు. బరువు సుమారు 11 కిలోలు, ధర 1,795 డాలర్లు. వేడివేడిగా అమ్ముడుపోయింది. 1983లో రాబోయే మోడళ్ల గురించి ముందే మాట బయటికి రావడంతో దుకాణాలు ఉన్న సరుకును కొనడం తగ్గించేశాయి. ఆ ఏడాది సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. పతనానికి ఇతర కారణాలూ ఉన్నాయి. అయినా, మంచిది వస్తోందని తెలిస్తే జనం ఆగిపోవడాన్ని పరిశ్రమ నేటికీ ఆస్‌బోర్న్ పేరుతోనే పిలుస్తోంది.

ఉన్నదాని మీద మమకారం మరో కారణం. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగంలో సగం మంది విద్యార్థులకు కాఫీ కప్పులిచ్చి, అమ్ముతారా అని అడిగారు. కప్పు దొరికినవాళ్లు అడిగిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న ధరకు సుమారు రెట్టింపు ఉంది. ఎక్స్‌ఛేంజ్ ధర చెప్పగానే మన ప్రాణం ఉసూరుమనేది ఇందుకే. అయితే లాప్‌టాప్ విషయంలో ఆ మమకారం వట్టి భ్రమ కాదు. పాస్‌వర్డులు, ఫైళ్ల అమరిక, అలవాటైన తెలుగు కీబోర్డు, లైసెన్సులు అన్నీ అందులో స్థిరపడి ఉంటాయి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్, 2001లో చివరి వెర్షన్ వచ్చిన పేజ్‌మేకర్‌నూ, దానికి అతికిన పాత తెలుగు ఫాంట్లనూ వదల్లేక పాత విండోస్ మిషన్లను కాపాడుకుంటూ వచ్చిన డీటీపీ వాళ్లను అడిగితే మార్పిడి ఖర్చు అంటే ఏమిటో చెబుతారు.

ఇక డబ్బు లెక్క. లక్ష రూపాయల లాప్‌టాప్‌ను మూడేళ్లు వాడితే ఏడాదికి 33,333 పడుతుంది. నాలుగేళ్లయితే 25,000. ఆరేళ్లయితే 16,667. ఏడేళ్లయితే 14,286. మూడో ఏట మార్చకుండా నాలుగో ఏడు వాడితే ఏడాది ఖర్చు 8,333 తగ్గింది. ఆరు నుంచి ఏడుకు వెళ్తే తగ్గింది 2,381 మాత్రమే. ఆగడంలోని లాభం కూడా నానాటికీ పలుచబడుతుందన్న మాట. కాబట్టి ఎల్లకాలం ఆగడం తెలివి కాదు.

మరి ఎప్పుడు మార్చాలి?

మొదట అరిగేది బ్యాటరీ. లిథియం అయాన్లు అటూ ఇటూ తిరిగేకొద్దీ లోపలి రసాయనాలు అలసిపోతాయి. మ్యాక్‌బుక్‌ల బ్యాటరీ వెయ్యి పూర్తి ఛార్జింగుల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారుచేశామని ఆపిల్ చెబుతోంది. పనిదినానికి ఒక పూర్తి ఛార్జింగ్ వేసుకుంటే నాలుగేళ్లు. అంటే యంత్రం ఇంకా వయసులో ఉండగానే దాని ఊపిరి తగ్గుతుంది. చాలామంది కొత్త లాప్‌టాప్ కొనేది ఇక్కడే, నిజానికి కొనాల్సింది బ్యాటరీ. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట మరమ్మతు బల్ల మీద అడుగు రేకు విప్పి చూస్తే కారణాలు కళ్లకు కడతాయి. ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము నూలు ఉండలా పేరుకుని ఉంటుంది. చిప్పు మీది థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. వేడి బయటికి పోలేక చిప్పు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము దులిపి, కొత్త పేస్ట్ రాసి, బ్యాటరీ మార్చాక అదే మిషన్ మళ్లీ పరుగందుకుంటుంది.

రెండోది భద్రత. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ తర్వాతిదో కావాలి. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ తాహోయే ఇంటెల్ మ్యాక్‌లకు చివరిదని ఆపిల్ ప్రకటించింది. బ్యాంకు పనులు చేసుకునే మిషన్‌కు భద్రతా మరమ్మతులు ఆగిపోతే, అది ఎంత బాగా నడుస్తున్నా ఆ పనులకు వాడకూడదు.

మూడోది మీ పనే మారడం. వీడియోలు కూర్చడం మొదలుపెట్టారు, లేదా కృత్రిమ మేధ నమూనాలను సొంత మిషన్ మీదే నడపాలనుకున్నారు. అప్పుడు పోపుల పెట్టె చాలదు. చాలా పలుచని లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేం. 8 గిగాబైట్లతో సర్దుకున్నవాళ్లకు మార్పు అవసరమయ్యేది ఇక్కడ. కొనే రోజునే 16 తీసుకుంటే మిషన్ ఆయుష్షు పెరుగుతుంది.

ఈ మూడూ లేనప్పుడు కొత్త మోడల్ వచ్చిందన్న ఒక్క కారణంతో మార్చడం మనకూ భూమికీ నష్టమే. లాప్‌టాప్ జీవితకాలపు కాలుష్యంలో పెద్ద వాటా దాన్ని తయారుచేసేటప్పుడే వెలువడుతుంది, వాడేటప్పుడు కాలే కరెంటుది చిన్న వాటా. ఒక యంత్రాన్ని ఇంకో రెండేళ్లు నడిపితే, తవ్వాల్సిన లోహమూ చెక్కాల్సిన సిలికానూ ఆ మేరకు ఆగుతాయి.

చిప్పు ఎనిమిదేళ్లు నిలుస్తుంటే నాలుగేళ్లకు అలసే బ్యాటరీని జిగురుతో అతికించడం ఎందుకు? యూరప్ ఈ ప్రశ్న వేసింది. వస్తువుల్లోని బ్యాటరీలను వాడకందారే మార్చుకునే వీలుండాలని అక్కడ 2023లో చేసిన నిబంధన 2027 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వస్తుంది. మన దేశంలో మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసింది. ఆ హక్కు అంగడిలో ప్రతి కొనుగోలుదారుకూ అక్కరకొచ్చే చట్టంగా మారాలి. అప్పటిదాకా మన చేతిలో ఉన్నది అడగడమే: లాప్‌టాప్ కొనేటప్పుడు వేగం ఎంతని కాకుండా, బ్యాటరీ ఎంతకు మారుస్తారు, భద్రతా మద్దతు ఎన్నేళ్లిస్తారు అని దుకాణంలో అడగండి. ఆ రెండు జవాబులే మీ లాప్‌టాప్ ఎప్పుడు పాతబడుతుందో నిర్ణయిస్తాయి.